మీ లోపలి గడియారాన్ని పరీక్షించుకునే ఆట: మొదటి నుంచి చివరి దాకా

కళ్ళు మూసుకోవాలి. నిమిషం గడిచిందనిపించగానే చెయ్యెత్తాలి. పక్కనున్నవాళ్ళు స్టాప్‌వాచ్ చూసి ఎంతయిందో రాసుకోవాలి. ఆట మొత్తం ఇంతే. దీన్ని ఇంట్లో ఆడి చూసినవాళ్ళు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: “నాకు 47 వచ్చింది, మా ఆయనకి 71 వచ్చింది. ఇంతకీ ఎవరు గెలిచినట్టు?”

ఒక్కసారి ఆడి వచ్చిన అంకెతో ఎవరూ గెలవరు. 60కి ఎంత దగ్గరగా ఆగామన్నది తర్వాత సంగతి. మళ్ళీ మళ్ళీ ఆడితే ఇంచుమించు అదే చోట ఆగుతున్నామా, లేదా? ముందు తేలవలసింది ఇది. కింది పద్ధతంతా దానికోసమే. ఇద్దరు మనుషులు, ఓ గంట తీరిక ఉంటే చాలు.

## 1. ముందుగా సమకూర్చుకోవలసినవి

- ఆడేవారు ఒకరు, వాచీ పట్టేవారు ఒకరు
- స్టాప్‌వాచ్ ఉన్న ఫోను. ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, స్టాప్‌వాచ్ శబ్దాలు ఆపేయండి
- గీతల కాగితం, పెన్ను
- ఐదు చిన్న చీటీలు. వాటి మీద 17, 23, 38, 44, 71 అని ఒక్కోటి రాసి మడిచిపెట్టండి (రెండో ఆటకి)
- ఒక వరస లేకుండా కలగాపులగంగా అంకెలు రాసిన కాగితం ఒకటి (ఎందుకో మూడో భాగంలో ఉంది)

గదిలో గోడ గడియారం ఉంటే బ్యాటరీ తీసేయండి. దాన్ని తిప్పి పెడితే సరిపోదు, టిక్కుటిక్కు వినిపిస్తూనే ఉంటుంది. ఆడేవారి చేతి వాచీ కూడా పక్కగదిలో పెట్టాలి.

తోడు ఎవరూ లేరా? ఫోనులో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి బోర్లా పెట్టండి. ఒక చప్పట కొట్టి మొదలుపెట్టండి, నిమిషం అయిందనిపించాక ఇంకో చప్పట కొట్టండి. ఐదుసార్లూ ఒకే రికార్డింగులో కానిచ్చేసి, అంతా అయ్యాకే విని కొలుచుకోండి. మధ్యలో ఫలితం తెలిసే వీలే ఉండదు కాబట్టి, నా మట్టుకు నాకు తోడున్న ఆట కన్నా ఇదే నయమనిపిస్తుంది.

## 2. చోటు, వేళ

విశాఖలో ఈ ఆట అనగానే అందరికీ ముందు తట్టేది ఆర్కే బీచ్. పొద్దున్నే ఇసుకలో కూర్చుని కళ్ళు మూసుకుంటే బాగుంటుంది, కాదనను. కానీ పరీక్షకి అది పనికిరాదు. అల విరిగిన చప్పుడు వినగానే మనసు దాన్ని పట్టుకుని “ఇది ఐదోది, ఇది ఆరోది” అంటూ పోతుంది. పోనీ అలలైనా సమంగా వస్తాయా అంటే, రెండు అలల మధ్య ఎడం మారుతూనే ఉంటుంది. సాయమూ కాదు, నిశ్శబ్దమూ కాదు.

శబ్దం ఉండకూడదని కాదు. ఒకే తీరున పదేపదే వచ్చే శబ్దం ఉండకూడదు. మద్దిలపాలెం హైవే పక్క ఫ్లాటులో అడ్డదిడ్డంగా వినబడే హారన్ల వల్ల పెద్ద నష్టం లేదు. అదే ఫ్లాటులో తిరిగిన ప్రతిసారీ కిర్రుమనే సీలింగ్ ఫ్యాను ఉంటే ఆట పాడైనట్టే, అది ఉచితంగా దొరికిన గడియారం. అలాగని మే నెల ఉక్కపోతలో ఫ్యాను ఆపమంటే ఎవరూ ఆటకి రారు. చప్పుడు చెయ్యని ఫ్యానున్న గదికి మారండి, లేదా చెవుల్లో దూది పెట్టుకోండి.

కూర్చునే ముందు ఇవి చూసుకోండి:

- పొయ్యి మీద కుక్కర్ లేదు
- పక్కగదిలో పాట, టీవీ లేవు
- బయట నుంచి వచ్చి కనీసం పావుగంటయింది, చెమట ఆరింది
- ఆకలిగా గానీ, భుక్తాయాసంగా గానీ లేదు
- ఏ ఫోను కోసమూ, ఎవరి కోసమూ ఎదురుచూడటం లేదు

ఆఖరిదాన్ని చాలామంది పట్టించుకోరు. ఎదురుచూస్తున్న మనిషి ధ్యాసంతా కాలం మీదే ఉంటుంది, అలాంటప్పుడు నిమిషం సాగుతుంది. కొరియర్ వాడు వస్తాడని ఒక చెవి గుమ్మం వైపు వేసుకుని ఆడితే, బయటపడేది మీ గడియారం కాదు, మీ ఆత్రుత.

## 3. లెక్కపెట్టాలా, వద్దా?

ఇది ముందే తేల్చుకోవాలి. లెక్కపెడుతూ ఆడే ఆట వేరు, పెట్టకుండా ఆడే ఆట వేరు. రెండూ ఆడవచ్చు కానీ ఆ అంకెల్ని కలపకూడదు. కాగితం మీద ముందే రెండు నిలువు వరసలు గీసి పెట్టుకోండి.

లెక్కపెట్టకుండా. “లెక్కపెట్టకండి” అంటే సరే అంటారు, కానీ ఒళ్ళు ఊరుకోదు. మా మేనత్త చేత ఆడించినప్పుడు ముఖం ప్రశాంతంగా ఉంది, పెదవి కదల్లేదు. ఒళ్ళో పెట్టుకున్న కుడిచేతి బొటనవేలు మాత్రం చిటికెనవేలి కణుపు నుంచి మొదలై ఒక్కో కణుపే ఎక్కుతూ పోతోంది. రోజూ జపం చేసే చెయ్యి మరి. అడిగితే “నానెక్కడ లెక్కెట్టానర్రా!” అంది. అబద్ధమాడలేదు, ఆమెకే తెలీదు. అందుకని అరచేతులు తెరిచి మోకాళ్ళ మీద పెట్టించండి. కాలి బొటనవేలి మీదా ఓ కన్ను వెయ్యండి. ఊపిరి లెక్కపెట్టేవాళ్ళూ ఉంటారు.

అయినా ఆగకపోతే కలగాపులగం అంకెల కాగితం ఇచ్చి, కళ్ళు తెరిచే పైకి చదవమనండి. చదివే నోటితో లోపల లెక్క సాగదు. ఎక్కాలు గానీ, వచ్చిన పద్యం గానీ అప్పజెప్పించకండి. వాటికి నడక ఉంది, ఎంతసేపు పడుతుందో నోటికి ముందే తెలుసు. ఇంకో సంగతి: అంకెలు చదివే పనిలో ధ్యాస కాలం మీంచి తప్పుతుంది కాబట్టి చాలామంది ఆలస్యంగా ఆగుతారు. ఈ పద్ధతి ఎంచుకుంటే ఐదుసార్లూ ఇలాగే ఆడాలి.

లెక్కపెడుతూ. ఇక్కడ తెలుగు అంకెలు చిన్న చిక్కు తెచ్చిపెడతాయి. “రెండు”, “మూడు” చటుక్కున అయిపోతాయి. “నలభై ఎనిమిది” అనడానికి వాటికి రెండింతల పైనే పడుతుంది. అందుకే 60 దాకా వరసగా లెక్కపెట్టేవాళ్ళు మొదట పరుగెత్తి, చివర్లో నెమ్మదిస్తారు. దీనికి విరుగుడు సులువే: ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టి ఒక వేలు ముడవండి, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టండి. ఆరు వేళ్ళు ముడిస్తే నిమిషం.

## 4. మొదటి ఆట: నిమిషాన్ని పట్టడం

1. ఆడేవారు వీపు ఆనించి కూర్చుని కళ్ళు మూసుకోవాలి. వాచీ పట్టేవారు ఎదురుగా కాకుండా వెనక కూర్చోవాలి.
2. వాచీ పట్టేవారు “మొదలు” అంటూనే స్టాప్‌వాచ్ నొక్కాలి.
3. నిమిషం గడిచిందనిపించగానే ఆడేవారు “ఆపు” అనాలి.
4. వచ్చిన అంకెను వాచీ పట్టేవారు కాగితం మీద రాసి, కాగితం బోర్లా తిప్పాలి. అంకె బయటకి చెప్పకూడదు. “ఓహో” అనకూడదు, నవ్వకూడదు.
5. ఓ అర నిమిషం వేరే కబుర్లు చెప్పుకుని మళ్ళీ మొదలుపెట్టాలి.
6. ఇలా ఐదుసార్లు.
7. అదే పద్ధతిలో 10 సెకన్లకి ఇంకో ఐదుసార్లు.

నాలుగో అంచె దగ్గరే ఎక్కువ ఆటలు చెడతాయి. “48కే ఆపేశావు” అని చెప్పారనుకోండి, తర్వాతిసారి ఆ మనిషి కావాలని ఆలస్యం చేస్తాడు. అక్కడి నుంచి మీరు కొలిచేది అతని గడియారాన్ని కాదు, మీరు చెప్పినదాన్ని అతను ఎంత బాగా సర్దుకున్నాడన్నదాన్ని. పిల్లలతో ఆడేటప్పుడు ఇది మరీ కష్టం, అంకె చెప్పేదాకా పీక్కు తింటారు. ఐదూ అయ్యాక అన్నీ ఒకేసారి చూపిస్తానని ముందే ఒప్పందం చేసుకోండి.

అయిదు సెకన్ల కన్నా తక్కువ వ్యవధితో ఆడకండి. “ఆపు” విని వేలు నొక్కేసరికే సుమారు 0.2 సెకను పోతుంది. నిమిషంలో అది లెక్కలోకి రాదు కానీ, రెండు సెకన్లలో పదో వంతు.

## 5. అంకెల్ని చదవడం

ఇద్దరి కాగితాలు ఇలా ఉన్నాయనుకుందాం.

- వదిన: 46, 52, 44, 51, 47
- మరిది: 44, 76, 58, 69, 53

రెండు లెక్కలు చెయ్యాలి.

సగటు. ఐదూ కూడి ఐదుతో భాగించండి. వదినకి 48 వచ్చింది, మరిదికి సరిగ్గా 60. ఇక్కడే మరిది కాలర్ ఎగరేస్తాడు. ఆగమనండి.

ఎడం. పెద్ద అంకెలోంచి చిన్నది తీసేయండి. వదినకి 8, మరిదికి 32. దాన్ని సగటుతో భాగిస్తే వదినది సుమారు 17 శాతం, మరిదిది 53 శాతం. అంటే వదిన గడియారం తొందరగా నడుస్తుంది, కానీ రోజూ ఒకే తొందర. మరిది 60 సగటు కాకతాళీయం. ఒకసారి 44, ఒకసారి 76, కూడితే సర్దుకుపోయాయంతే. వదిన “నిమిషం” అన్నప్పుడల్లా అది 48 సెకన్లని తెలిస్తే చాలు, ఆమె మాట పట్టుకుని పని చేసుకోవచ్చు. మరిది మాట మీద గుడ్డు కూడా ఉడకబెట్టలేం.

నా అంచనాలో ఎడం సగటులో నాలుగో వంతు లోపుంటే నిలకడ బాగున్నట్టు. సగం దాటితే మనిషిని అనేముందు ఆట సరిగా సాగిందా అని చూడండి: మధ్యలో ఎవరైనా పిలిచారా, ఒకసారి లెక్కపెట్టి ఒకసారి మానేశారా?

ఇప్పుడు 10 సెకన్ల వరస తీయండి. వదినకి 8, 9.5, 8.5, 9, 8 వచ్చాయనుకోండి. సగటు 8.6, ఎడం 1.5, మళ్ళీ 17 శాతం దగ్గరే. ఇది మామూలే. మన లోపలి గడియారపు తప్పు వ్యవధితో పాటే పెరుగుతుంది, కాబట్టి సెకన్లలో ఎడం పెరిగినా శాతం ఇంచుమించు అలాగే ఉంటుంది. దీంతో ఒక దొంగని కూడా పట్టుకోవచ్చు. 10 సెకన్లలో 17 శాతం ఉన్న మనిషికి 60 సెకన్లలో 5 శాతమే వస్తే, లోపల లెక్కపెడుతున్నారనే అర్థం. నిమిషాన్ని చిన్న ముక్కలు చేసుకుంటేనే శాతం అంతగా తగ్గుతుంది.

చివరగా వరస చూడండి. 44, 48, 53, 59, 66 లాగా పెరుగుతూ పోతే విసుగో నిద్రో వచ్చిందన్నమాట. ఆ కాగితం పక్కన పెట్టి, మంచినీళ్ళు తాగి మళ్ళీ ఆడండి.

### తొందరా, ఆలస్యమా: తికమక పడేది ఇక్కడే

48కే ఆగిన మనిషికి కాలం తొందరగా గడిచినట్టా, నెమ్మదిగా గడిచినట్టా? అసలు 48 సెకన్లకే అతనికి నిమిషం నిండిపోయింది. అంటే లోపలి గడియారం తొందరగా నడుస్తోంది, బయట కాలం అతనికి ఈడ్చుకుంటూ పోతున్నట్టుంటుంది. 75 దాకా ఆగని మనిషి సంగతి దీనికి తలకిందులు: అతనికి కాలం ఇట్టే గడిచిపోతుంది. కాగితం మీద పైనే రాసి పెట్టుకోండి: 60 కన్నా తక్కువ = లోపల తొందర.

## 6. రెండో ఆట: ఎంతసేపయిందో చెప్పడం

ఇప్పుడు పని తారుమారు. వాచీ పట్టేవారు ఒక చీటీ తీసి, అందులో ఉన్నన్ని సెకన్లు “మొదలు” నుంచి “ఆపు” దాకా గడుపుతారు. ఎన్ని సెకన్లయిందో ఆడేవారు చెప్పాలి. చీటీల్లో 30, 60 లాంటి గుండ్రని అంకెలు పెట్టకపోవడానికి కారణముంది. మనుషుల నోట గుండ్రని అంకెలే వస్తాయి, చీటీ కూడా గుండ్రనిదైతే ఊహ తగిలిందో, గడియారం పనిచేసిందో తెలియదు. జవాబు “ఓ 40” అని వస్తే “38? 41? 43?” అని గుచ్చి అడగండి.

ఈ ఆటలో దిశ తిరగబడుతుంది. మొదటి ఆటలో తక్కువకి ఆగిన మనిషి ఇక్కడ ఎక్కువ చెప్పాలి. వదిన లెక్కలో 48 సెకన్లు ఒక నిమిషమైతే, 60 సెకన్లు గడిచాక ఆమె 75 అనాలి. అలాగే 44 సెకన్లకి 55 చుట్టుపక్కల చెప్పాలి. రెండు ఆటలూ ఒకదాన్నొకటి ఇలా బలపరిస్తే మీ కొలత నిలబడినట్టు. రెండింటిలోనూ తక్కువే వస్తే, ఎక్కడో కిర్రుమంటున్న ఫ్యానో, జారిన ధ్యాసో ఉంది.

## 7. మూడో ఆట: అంతసేపే మళ్ళీ

సెకన్ల మాటే రాకుండా ఆడేది ఇది, చిన్న పిల్లలకి బాగా నప్పుతుంది. వాచీ పట్టేవారు నోటితో “ఊఁ…” అని కొంతసేపు అని ఆపుతారు. ఆడేవారు అంతసేపే “ఊఁ…” అనాలి. 5 నుంచి 15 సెకన్ల మధ్య వ్యవధులు కలిపి వాడండి. పొట్టివాటిని పొడిగించి, పొడుగువాటిని కుదించే అలవాటు దాదాపు అందరిలోనూ కనిపిస్తుంది. 1868లోనే జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ ఫీరోర్ట్ దీన్ని గుర్తించాడు. మీ పిల్లలకి అలా వస్తే తప్పు చేశారనుకోకండి.

## 8. ఒక్కసారే అడగగలిగే ప్రశ్న

పై మూడింటిలోనూ కాలాన్ని కొలుస్తున్నారని ఆడేవారికి ముందే తెలుసు. తెలియకుండా అడిగితే పనిచేసేది ఎక్కువగా జ్ఞాపకమే. హౌరా–చెన్నై దారిలో పోయే రైళ్ళు చాలావరకు విశాఖ స్టేషన్‌లో దిశ మార్చుకుంటాయి. ఇంజను ఒక చివర నుంచి విడిపోయి రెండో చివర తగలాలి. రైలు కదిలిన కాసేపటికి పక్క సీటు చుట్టాన్ని మామూలుగా అడగండి: “స్టేషన్లో ఎంతసేపు ఆగిందంటావు?” ఫోన్లో మునిగినవాళ్ళు ఒకటి చెబుతారు, ప్లాట్‌ఫారం దిగి టీ తాగి, నీళ్ళు పట్టుకుని, ఎవరితోనో మాట్లాడి వచ్చినవాళ్ళు ఇంకోటి చెబుతారు.

అదే మనిషిని రెండోసారి అడగలేరు. ఒకసారి అడిగాక ఆగిన ప్రతిచోటా వాళ్ళు వాచీ చూస్తారు.

## 9. మళ్ళీ మళ్ళీ ఎదురయ్యే చిక్కులు

“ఆపు” అనే ముందు వాచీ పట్టేవారు కదులుతున్నారు. 60 దగ్గరపడగానే ఊపిరి బిగబట్టడమో, కుర్చీలో సర్దుకోవడమో చేస్తారు. ఆడేవారి చెవి అది పట్టేస్తుంది. ఫోను తెర కప్పేసి, “ఆపు” విన్నాకే తెర చూడమనండి.

మనసులో పాట వస్తోంది. ఆపలేరు. అంకెల కాగితం చదివించండి.

ఒక అంకె మరీ విపరీతంగా ఉంది. తుమ్మో, తలుపు చప్పుడో ఉంటే కొట్టేసి ఆరోసారి ఆడించండి. ఏ కారణమూ లేకపోతే కొట్టెయ్యకండి, అది కూడా మీదే.

నిన్న ఒకటి, ఇవాళ ఒకటి. వేళ ఒకటేనా? నిద్ర సరిపోయిందా? జ్వరమేమైనా ఉందా? ఒంటి వేడి పెరిగితే లోపలి గడియారం తొందరపడుతుంది. 1930లలో అమెరికా శాస్త్రవేత్త హడ్సన్ హోగ్లండ్ జ్వరంతో ఉన్న తన భార్య చేత నిమిషం లెక్కపెట్టించి గమనించింది ఇదే.

## 10. పరిస్థితి మార్చి చూడటం

మామూలు కాగితం ఒకటి చేతికొచ్చాకే ఇది మొదలుపెట్టండి. ఒకసారికి ఒకటే మార్చాలి.

- కైలాసగిరి మెట్లు ఎక్కి దిగి, చెమట ఆరకముందు
- రాత్రి పడుకోబోయే ముందు
- బొత్తిగా పనిలేని మధ్యాహ్నం
- వెనక సీటులో కూర్చుని, ఎర్ర సిగ్నల్ దగ్గర (బండి నడిపేవారు ఆడకూడదు). అంకెలు చూపే సిగ్నల్ అయితే 50 దగ్గర కళ్ళు మూసి, 20 అయిందనిపించగానే తెరవండి

మెట్ల పరీక్షలో వేడి ఒకటే కాదు, గుండె వేగమూ ఆయాసమూ కూడా మారతాయి. తేడా వస్తే దేని వల్ల వచ్చిందో ఆ ఒక్క కాగితంతో చెప్పలేరు. ఏసీ గదిలో పావుగంట కూర్చుని మళ్ళీ ఆడి, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

గుహలోకి పోయి ఆడవలసిన పనేమీ లేదు. ఆ పనీ ఒకరు చేశారు: 1962లో ఫ్రాన్స్‌కి చెందిన మిషెల్ సిఫ్ర్ రెండు నెలలు వాచీ లేకుండా భూమి లోపల ఉండిపోయాడు. అక్కడ ఆయన 120 సెకన్లనుకుని లెక్కపెట్టడానికి సుమారు 5 నిమిషాలు పట్టింది.

## 11. గడియారాన్ని సరిచేసుకోవాలంటే

పరీక్ష ముగిశాకే సాధన. నాలుగో భాగంలో వద్దన్నది ఇప్పుడు చెయ్యాలి: ప్రతిసారీ అంకె వెంటనే చెప్పాలి. “52”, “57”, “63” అని వింటూ పోతే సగటు 60 వైపు త్వరగానే జరుగుతుంది. ఎడం మాత్రం అంత సులువుగా తగ్గదు, దానికి ఓపిక కావాలి. రోజుకి ఐదుసార్లు చాలు, విసుగొచ్చేదాకా ఆడితే ఆ విసుగే అంకెల్లోకి ఎక్కుతుంది.

సాధన కాగితాన్ని పరీక్ష కాగితంతో కలపకండి. ఒక వారం ఆడాక రెండు రోజులు పూర్తిగా మానేసి, మూడో రోజు అదే వేళకి అదే గదిలో, అంకెలు చెప్పకుండా మొదటి ఆట మళ్ళీ ఐదుసార్లు ఆడండి. పాత కాగితంలోని సగటుతో సగటు, ఎడంతో ఎడం పోల్చుకోండి. సగటు సరిపడి ఎడం పాతదే మిగిలితే, ఆ తర్వాత సాధనంతా 10 సెకన్ల ఆటతోనే చెయ్యండి.